అక్క వెంట రెండున్నర మీటర్లు: నా ఎమాకి నకలు డైరీ

మార్చి 8

మొదలుపెట్టాను. అంటే సామాన్లు కొన్నాను. గీత ఇంకా ఒక్కటీ పడలేదు.

నకలు తీయబోయేది ‘షిగిసాన్ ఎంగి’ అనే ఎమాకి. ఎమాకి అంటే అడ్డంగా విప్పుకుంటూ చూసే బొమ్మల చుట్ట. ఇది 12వ శతాబ్దానిది, జపాన్‌లో జాతీయ సంపద. మొత్తం మూడు చుట్టలు. మొదటిదాంట్లో ఒక భిక్షాపాత్ర ధనవంతుడి ధాన్యపు కొట్టును అమాంతం లేపుకుని కొండమీదికి ఎగిరిపోతుంది. రెండోదాంట్లో ఆ కొండమీది సాధువు మ్యోరెన్, ఉన్నచోటి నుంచి కదలకుండానే చక్రవర్తి జబ్బు నయం చేస్తాడు. ఎక్కడ చూసినా ఎక్కువగా ఈ రెండు చుట్టల బొమ్మలే. నాకు నచ్చింది మూడోది. అందులో ఎగిరేవేమీ లేవు. మ్యోరెన్‌కు ఒక అక్క ఉంది, ముసలి సన్యాసిని. దీక్ష తీసుకోవడానికి నారాలోని మహాబుద్ధుడి గుడి తోదైజీకి వెళ్లిన తమ్ముడు మళ్లీ ఇంటిముఖం చూడలేదు. బతికున్నాడో లేదో తెలుసుకుందామని ఆమె షినానో నుంచి బయల్దేరుతుంది. ఇప్పటి నాగానో ప్రాంతం అది, దారంతా కొండలే. అంతే కథ.

మూడో చుట్ట పొడవు సుమారు 14 మీటర్లు, ఎత్తు 31 సెంటీమీటర్ల చిల్లర. ఒసాకాలో ఉద్యోగం చేసుకుంటూ 14 మీటర్లు నావల్ల కాదు. అందుకే నాలుగు కాగితాలు, రెండు మీటర్లు అనుకున్నాను. జింకలు తిరిగే కొండవాలు ఒకటి, మహాబుద్ధుడి గుడికి రెండు, చివర అక్కాతమ్ముళ్లు కలుసుకునే చోటు ఒకటి. గుడికీ తమ్ముడుండే చోటుకీ మధ్య కొండలూ పొగమంచూ ఉన్న భాగం వదిలేస్తున్నాను. అక్కడ గీయడానికి ఏముందని.

నెలకు రెండుసార్లు మా ఊరి కమ్యూనిటీ హాల్లో నేర్పే సెన్సేయికి, అంటే గురువుగారికి, ఈ ప్లాన్ చూపించాను. ఆయన జీవితమంతా చుట్టలకు అస్తరు వేసే పనిలో గడిపిన మనిషి. “ఓహో, అది వదిలేస్తారా” అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

మార్చి 15

కాగితం మినో ప్రాంతంలో చేసేది. కోజో అనే చెట్టు బెరడుతో చేస్తారు, మల్బరీకి దగ్గరి చుట్టం. వెలుతురుకు పెట్టి చూస్తే పొడుగాటి నారలు కనిపిస్తాయి. పల్చగా ఉంటుంది కానీ లాగితే అంత తేలిగ్గా చిరగదు. చిక్కేమిటంటే, దీనిమీద సిరా చుక్క వేస్తే పాత రోజుల అద్దుడు కాగితంలా పీల్చేసుకుంటుంది. ముందు దానికి పూత పెట్టాలి. ఆ పూత పేరు దోసా. (మన దోసె కాదు. ఈ జోక్ ఇంట్లో ఇప్పటికే మూడుసార్లు అయింది.)

నేను కలిపిన పాళ్లు: లీటరు నీళ్లకు 15 గ్రాముల నికావా, 5 గ్రాముల పటిక. నికావా అంటే పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసే జిగురు. రాత్రంతా చన్నీళ్లలో నానబెడితే పొద్దునకు జున్నుముక్కలా ఉబ్బుతుంది. దాన్ని గిన్నెతో సహా వేడినీళ్లలో పెట్టి కరిగించాలి. మరిగించకూడదు, మరిగితే జిగురు సత్తువ పోతుంది. కరిగాక పటిక నీళ్లు కలిపి పల్చటి గుడ్డలో వడకట్టాలి. పటిక ఎక్కువైతే కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది, తక్కువైతే పూత నిలవదు.

వెడల్పు కుంచెతో ఒకే దిక్కుగా, తిరిగి రాకుండా లాగాను. బయట ఎండ బాగా కాసింది. ఆరిన కాగితంమీద నీటిచుక్క వేస్తే తామరాకు మీద బొట్టులా నిలబడింది. ఆరు కాగితాలకు పెట్టాను. వాసన గురించి రాయను. మా ఆయన బాల్కనీ తలుపు తీసి, ఏమీ అనకుండా బయటికెళ్లి కూర్చున్నాడు.

మార్చి 29

నకలు తీసే పద్ధతి పేరు ఆగె-ఉత్సుషి. దీన్ని కాస్త వివరంగానే రాసుకోవాలి, మళ్లీ మర్చిపోతాను.

కింద అసలు సైజులో తీసిన ప్రింట్. దానిమీద నా కాగితం, పైఅంచు కదలకుండా బరువు పెట్టి. కాగితం కిందిఅంచు ఒక గుండ్రటి కర్రకు చుట్టి ఉంటుంది. ఎడమచేత్తో కర్రను పైకి దొర్లిస్తే కాగితం చుట్టుకుని కింది బొమ్మ బయటపడుతుంది. గీతను చూడాలి. కర్రను కిందికి దొర్లిస్తే బొమ్మ మూసుకుపోతుంది. కంట్లో ఆ గీత నీడ మిగిలి ఉండగానే కుంచె ఆడించాలి. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. చూడు, మూయి, గియ్యి.

కాగితం పల్చగానే ఉంది కదా, కిందిది కనిపిస్తుంటే దానిమీదే గీసేయొచ్చు కదా అని మొదటి గంట అలాగే చేశాను. గీతలన్నీ సరిగ్గా పడ్డాయి, జింక మాత్రం చచ్చిన జింకలా ఉంది. కింది గీతను తప్పిపోతానేమో అన్న భయంతో కుంచె పాకుతూ వెళ్తుంది, అందుకని గీతలో ఊపు ఉండదు. సెన్సేయి దూరం నుంచే కనిపెట్టేశారు. కర్ర పట్టుకున్నాక జింక రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగింది కానీ చెవులు నిక్కబొడుచుకుంది.

ఇంకో తప్పు. అలవాటు కొద్దీ కాగితం ఎడమ అంచునుంచి మొదలుపెట్టాను. ఎమాకి కుడినుంచి ఎడమకు నడుస్తుంది. విప్పేది ఎడమచేత్తో, చుట్టేది కుడిచేత్తో, మధ్యలో భుజాల వెడల్పు మాత్రమే కళ్లముందు ఉంటుంది. అక్క కూడా ఎడమవైపుకే నడుస్తుంది. నేను ఎడమనుంచి గీస్తుంటే సెన్సేయి నవ్వి, “ఆమె ఇంకా బయల్దేరలేదు, మీరు అప్పుడే చేరుకున్నారు” అన్నారు.

కుడినుంచి మొదలుపెట్టాక కొత్త తలనొప్పి. గీసిన తడిమీదే నా అరచెయ్యి ఆనుతోంది. ఒక జింక కాళ్లు మసిబారాయి. చెయ్యి ఆనించకుండా, మోచెయ్యి గాల్లో ఉంచి గీయాలట. పది నిమిషాలకే భుజం లాగుతోంది.

ఏప్రిల్ 12

గుడి మొదలైంది. ఇది ఎమాకీల్లో చాలా పేరున్న బొమ్మ. మహాబుద్ధుడి గుడి ఎదురుగా నిలబడి చూసినట్టు, తలుపులు బార్లా తెరిచి, లోపల కూర్చున్న విగ్రహం. గుడి కాగితం ఎత్తంతా ఆక్రమించేసింది. ముందు అక్క. నా చిటికెనవేలు పొడవు కూడా లేదు.

అక్క ఒకచోట కాదు. గుమ్మం దగ్గర కూర్చుని దండం పెడుతోంది. పక్కనే పడుకుని ఉంది. మరోచోట లేచి ఉంది. ఇంకోచోట బయటికి నడుస్తోంది. గుడి ఒక్కటే, అక్కలు ఐదారుగురు. సాయంత్రం వచ్చి ‘తమ్ముడెక్కడున్నాడో చెప్పు స్వామీ’ అని రాత్రంతా వేడుకోవడం, కునుకు పట్టడం, కలలో ‘నైరుతి దిక్కున ఊదారంగు మబ్బు కమ్మిన కొండ చూడు’ అని వినబడటం, తెల్లారి లేచి వెళ్లడం. ఒక రాత్రంతా చిత్రకారుడు ఒకే గుడి బొమ్మలో పెట్టేశాడు. గుడి కదలదు, కాలం అక్క రూపంలో కదులుతుంది. దీనికి జపనీస్‌లో ఇజి-దోజు అనే పేరుంది, వేర్వేరు వేళలు ఒకే బొమ్మలో అని.

రాత్రి అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. జనగామలో పొద్దుగూకే వేళ.

“గా ముసలమ్మను ఎన్నిసార్లు గీసినవే?”

“ఒక్కతేనే అమ్మా. రాత్రంతా అక్కడే ఉంది కదా.”

అమ్మ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసింది. “మా చిన్నప్పుడు కూనపులోళ్లు వచ్చి పటం కడ్తుండె. భావనారుషి కథ. అండ్ల గూడ గంతే, ఒక్కడే మల్లమల్ల వస్తడు. కాకుంటే దేని గడి దానికుండె.”

నిజమే. మా పద్మశాలీలకు కూనపులివాళ్లు కథ చెప్పే పటాలు చేర్యాల నకాషీలు వేసేవారు. అవి నిలువుగా కిందికి దిగుతాయి, ఒక్కో ఘట్టానికి ఒక్కో గడి, మధ్యలో పూలంచు. కథకుడు కర్రతో చూపిస్తూ చెబుతాడు, ఊరంతా కూర్చుని చూస్తుంది. ఎమాకిలో గడుల్లేవు, చూసేవాడు ఒక్కడే, తిప్పేదీ వాడే. అమ్మ ‘గడి’ అన్న మాట మనసులో నాటుకుంది. ఇక్కడ గడి గీతకు బదులు ఏముంది?

ఏప్రిల్ 26

సెలవు పూట తోదైజీ వెళ్లొచ్చాను. మేముండే ఇకోమా నుంచి రైల్లో ఎంతో దూరం కాదు. జింకలు నా సంచిలోని ప్రింట్ కాగితం అంచు నమిలేశాయి. అవి నమిలింది ప్రింట్‌లో జింకలు ఉన్న భాగమే కావడం వాటి గొప్ప.

ఇప్పుడున్న గుడి 1709 నాటిది. చుట్టలో ఉన్నది ఇది కాదు. పాతదాన్ని 1180లో తైరా నో షిగెహిరా సైన్యం పెట్టిన మంటలు తినేశాయి. తర్వాత కట్టినదీ 1567 యుద్ధంలో కాలిపోయింది. ఇప్పటిది మొదటిదానికన్నా వెడల్పులో బాగా చిన్నది. 1180కి ముందు ఆ గుడి, ఆ విగ్రహం కంటికి ఎలా ఆనేవో చెప్పడానికి మిగిలిన అరుదైన సాక్ష్యాల్లో నేను నకలు తీస్తున్న బొమ్మ ఒకటి. నా స్తంభం ఒకటి కాస్త వంగిందని తెలిసిన రోజే ఇది గుర్తుకు రావడం ఏం బాగాలేదు.

గుడిముందు ఎనిమిది మూలల కంచు దీపస్తంభం ఉంది. రెండు మంటలనూ తట్టుకుని నిలిచింది.

ఇంకో సంగతి రాసుకోవాలి. 752లో ఈ మహాబుద్ధుడికి కళ్లు తెరిపించింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు అనే భిక్షువు. విగ్రహం కనుపాపలు దిద్దిన కుంచెకు పొడవాటి తాడు కట్టి, ఆ తాడును వచ్చినవాళ్లు పట్టుకున్నారు, పుణ్యం అందరికీ అందాలని. ఆ కుంచె, ఆ నీలి తాడు నారాలోని షోసోయిన్ ఖజానాలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. నా ముఖాల కుంచె రెండు నెలలైనా నిండకుండానే కొస అరిగిపోయింది.

మే 4

గుడి గీతలు పూర్తి. ఇంకేం విశేషం లేదు. భుజానికి నొప్పి పట్టీ.

మే 17

రంగు అద్దకముందే సిరా గురించి ఒక మాట. జపాన్‌లో కడ్డీ సిరా చేసేది ఎక్కువగా నారాలోనే. దీపపు మసి లేదా పైన్ చెక్క మసిని నికావాతో పిసికి అచ్చులో నొక్కుతారు. చేసేది చలికాలంలోనే, ఎండాకాలం జిగురు కుళ్లిపోతుంది. నూనె మసి నలుపు కాస్త గోధుమ ఛాయ కొడుతుంది, పైన్ మసి నలుపు పల్చన చేస్తే నీలంగా తేలుతుంది. గీతలకు మొదటిది వాడాను. నీలం కడ్డీని కొన్నాను కానీ దేనికో నాకే తెలియలేదు. అంగట్లో ముసలాయన అరచేతిలో పెట్టి చూపిస్తే వద్దనలేకపోయాను.

ఈ చుట్టలో గీత సన్నగా మొదలై లావెక్కి మళ్లీ సన్నబడుతుంది. అదే కాలపు గెంజి కథ ఎమాకి చూడండి, అక్కడ ముఖాలన్నీ ఒకటే: కంటికి ఒక గీత, ముక్కుకు ఒక కొక్కెం. రంగు దట్టంగా కప్పేస్తుంది. షిగిసాన్‌లో రంగు పల్చన, పని అంతా గీతదే, ముఖాలు మాట్లాడతాయి. అందుకే తప్పు దాచుకునే దిక్కు లేదు. పడుకున్న అక్క చెంప గీత నాకు పదకొండుసార్లు తప్పింది. అది పావు అంగుళం కూడా ఉండదు. చెంప కాస్త లోపలికి పోవాలి, పళ్లు లేని మనిషి చెంపలా. ఎక్కువ పోతే దిగులుగా కనిపిస్తోంది, తక్కువైతే పడుచు అయిపోతోంది. పన్నెండోసారి దానంతటదే పడింది. ఎలా పడిందో అడగొద్దు.

జూన్ 14

ఏడుపొచ్చింది. నిజంగానే.

గుడి రెండో కాగితం మొదటి నకలులో స్తంభం వంగిందని చెప్పాను కదా. సరే, మళ్లీ తీద్దామని పోయిన వారం కొత్త కాగితాలకు దోసా పెట్టాను. త్సుయు మొదలైంది, వానాకాలపు ముసురు. మూడు రోజులుగా ఆగకుండా జల్లు. పూత ఆరినట్టే అనిపించింది. నీటిచుక్క పరీక్ష ఒక మూలన చేశాను, నిలబడింది. ఒక్క మూలనే చేశాను.

నిన్న ఆరు గంటలు కూర్చుని గుడి గీశాను. స్తంభం తిన్నగా వచ్చింది. ఇవాళ పొద్దున అక్క దుస్తులకు పల్చటి సిరా అద్దుతున్నా. దండం పెడుతున్న అక్క భుజం దగ్గర కుంచె తాకగానే సిరా ఒక్కసారిగా పాకింది, సాలీడు కాళ్లలా. పూత అక్కడ పట్టలేదు. భుజం, మెడ, ముఖం, పక్కనున్న మెట్టు, అన్నీ ఒకే మచ్చ. అద్దుడు కాగితం అదిమితే మచ్చ ఇంకా పెద్దదయింది.

సెన్సేయికి ఫోటో పంపాను. “దోసా ఎండ రోజున పెట్టాలి” అని జవాబు. ముందే చెప్పొచ్చుగా అనుకున్నాను. తర్వాత నా నోట్‌బుక్ తిరగేస్తే మార్చి పేజీలో నా చేతిరాతే: ఆరుబయట ఎండ ఉన్నరోజే పెట్టాలి.

రాత్రి అమ్మతో చెప్పుకున్నాను. జిగురు, పటిక, తడి కాగితం, ముసురు అని మొత్తం వివరించేలోపే అమ్మ అడ్డుకుంది.

“ముసురు వట్టిననాడు ఎవరన్న గంజి పెడ్తరా బిడ్డా? పడుగు ఆరనే ఆరది. పైకి ఆరినట్టు కండ్లకు కనవడ్తది, లోపల పచ్చి ఉంటది. మీ తాత గసువంటి దినం కుంచె ముట్టకపోతుండె.”

మా తాత వీధిలో పడుగు సాగదీసి, వెడల్పు కుంచెతో గంజి పట్టించేవాడు. నేను నిక్కర్ల వయసులో ఆ దారాల కింద నుంచి దూరి పోయేదాన్ని. ఆ కుంచెను ఒకే దిక్కుగా, తిరిగి రాకుండా లాగేవాడని ఇప్పుడు గుర్తొస్తోంది. ఇక్కడికి వచ్చి దోసా పేరుతో డబ్బులు కట్టి నేర్చుకున్నది మా వాకిట్లో జరిగేదే.

జూలై, ఆగస్టు

పని ఆపేశాను. వేడికి నికావా రెండో రోజుకే కంపు కొట్టింది. ఆఫీసులోనూ ఊపిరాడలేదు. ముసురు వెళ్లాక, జూలై చివరి ఎండలో నాలుగు కాగితాలకు పూత మాత్రం పెట్టి దాచుకున్నాను. ఈసారి చుక్క పరీక్ష తొమ్మిది చోట్ల.

సెప్టెంబర్ 6

గుడి రెండో కాగితం మూడోసారి పూర్తి. చివరి కాగితం, అక్కాతమ్ముళ్ల దృశ్యం, గీతలు అయిపోయాయి. ఇది నా ప్రాణం. అక్క కొండమీదికి వచ్చి తమ్ముడి పేరు పెట్టి పిలుస్తుంది. అతను బయటికి వస్తాడు. కథలో ఇంకో మాట ఉంది: చలికి ఆగుతుందని అక్క దారపు పోగులు పెట్టి దిట్టంగా కుట్టిన ‘తాయి’ అనే బట్ట ఒకటి మోసుకొచ్చింది. అప్పటిదాకా కాగితపు బట్ట ఒక్కదానితో వణికిన తమ్ముడు దాన్ని చిరిగి పీలికలయ్యేదాకా వేసుకున్నాడు. ఆ పీలికలను తర్వాత జనం రక్షలుగా దాచుకున్నారని చెబుతారు. అక్క వెనక్కి వెళ్లలేదు, అక్కడే ఉండిపోయింది.

సెప్టెంబర్ 27

నాలుగు కాగితాలూ నేలమీద వరసగా పరిచాను. జింకలు, గుడి, గుడి, తమ్ముడు.

ఏదో తేడాగా ఉంది. చాలాసేపు అర్థం కాలేదు. గీతలు బాగానే ఉన్నాయి. చుట్ట చూసినట్టు చూద్దామని, రెండు అట్టముక్కలతో అటూ ఇటూ మూసి, భుజాల వెడల్పు మాత్రం వదిలి మెల్లగా జరిపాను. గుడిలో అక్క పడుకుంది, లేచింది, బయటికి నడిచింది, అంతే, తమ్ముడి ఎదుట నిలబడింది. పక్కవీధికి పోయినట్టు! షినానో నుంచి వచ్చిన మనిషి, రాత్రంతా బుద్ధుడి కాళ్ల దగ్గర పడున్న మనిషి, నాలుగడుగులు వేసి కాఫీ తాగడానికి వచ్చినట్టుంది.

అమ్మ అన్న గడి ఇదే. నేను ‘ఏముంది అక్కడ’ అని వదిలేసిన కొండలూ మంచూ. అక్కడ మనుషులెవరూ లేరని వదిలేశాను. చుట్ట తిప్పే చేతులు ఆ ఖాళీని దాటడానికి పట్టే సమయమే అక్క నడక. బొమ్మలో గుడి దగ్గర కాలాన్ని ఐదారుగురు అక్కలుగా చూపించినవాడు, ఇక్కడ ఒక్క అక్కనూ పెట్టకుండా చూసేవాళ్లనే నడిపించాడు.

సెన్సేయికి చెబితే, “అవునా” అన్నారు. మార్చిలో అన్న “ఓహో”లాగే ఉంది. ఈయనకు మొదటిరోజే తెలుసు.

అక్టోబర్ 4

గీయడానికి ముందు షిగి కొండ ఎక్కాను. ఇకోమా లైన్‌లో షిగిసాన్‌షిత స్టేషన్ దిగి, బస్సు. చోగోసోన్‌షిజి గుడి అంతా పులి బొమ్మలే, ఇక్కడి దేవుడు బిషమొన్‌తెన్, మన కుబేరుడే (వైశ్రవణుడని చెబితే ఇంకా దగ్గర). గేటు దగ్గర తలాడించే పెద్ద కాగితపు పులి ముందు పిల్లలు ఫోటోలకు క్యూ కట్టారు. చుట్టలు ఈ గుడివే, అసలువి మాత్రం నారా జాతీయ మ్యూజియం సంరక్షణలో ఉన్నాయి.

నేను వెళ్లింది పులికోసం కాదు. ప్రధాన గుడి కొండవాలు మీద స్తంభాలెత్తి కట్టింది, వసారాలో నిలబడితే మైదానమంతా కిందే. ఈశాన్యం వైపు చూశాను, నారా అటుంది. అక్క అటునుంచి ఇటు చూసింది, నైరుతికి. మధ్యలో అక్టోబర్ మంచు, దానిలోంచి ఇళ్ల కప్పులు, మళ్లీ మంచు. తోదైజీ కనిపించలేదు. గంటసేపు ఊరికే కూర్చున్నాను. తెచ్చుకున్న నోట్‌బుక్‌లో ఒక్క గీతా లేదు.

అక్టోబర్ 25

మంచు ఎలా గీస్తారు? గీయరు. చుట్టూ ఉన్నదాన్ని గీసి ఆపేస్తారు.

చేతిలో రెండు కుంచెలు. ఒకదాంట్లో పల్చటి సిరా, ఒకదాంట్లో వట్టి నీళ్లు. సిరా కుంచెతో కొండ అంచు వేసి, అది ఆరేలోపు నీళ్ల కుంచెతో ఒకవైపు అంచును కరిగించాలి. ఇంకోవైపు గట్టిగానే ఉండాలి. నీళ్లు ఎక్కువైతే అంచున వలయం కడుతుంది, తక్కువైతే గీత గీతలానే ఉండిపోతుంది. నీళ్ల కుంచెను గుడ్డమీద ఒకసారి అద్దాలి, రెండుసార్లు కాదు. ఇది చెబితే రాదు, మూడు కాగితాలు పాడుచేస్తే వస్తుంది. రెండే పాడయ్యాయి, మూడోది నిలబడింది.

అంగడి ముసలాయన ఇచ్చిన నీలపు కడ్డీ ఎందుకో ఇప్పుడు తెలిసింది. పైన్ మసిని బాగా పల్చన చేసి అద్దితే దూరపు కొండ వెనక్కి వెళ్లిపోయింది.

ఐదు కాగితాల్లోనూ అన్నిటికన్నా తక్కువ గీతలున్నది ఇదే. ఎక్కువ రోజులు పట్టిందీ ఇదే.

నవంబర్ 15

అతికించడం, అస్తరు వేయడం. ఈ పనిలో సెన్సేయి ముఖమే మారిపోయింది, ఇరవై ఏళ్లు తగ్గినట్టు.

గోధుమ పిండి నుంచి తీసిన గంజిని అరగంటకు పైగా కలుపుతూ ఉడికించి, చల్లారాక జల్లెడలో పట్టి, నీళ్లతో పల్చన చేశాం. కుడి కాగితం పైన, ఎడమది కింద, మూడు మిల్లీమీటర్ల అతుకు. గంజి వాసనకు నాకు మా ఇల్లు గుర్తొచ్చిందని చెప్పాను. తాత సంగతి, ముసురు సంగతి చెప్పాను. ఆయన కుంచె ఆపి, “మీ తాతగారు గంజిలో ఏం కలిపేవారు?” అని చాలా సీరియస్‌గా అడిగారు. అమ్మకు మెసేజ్ పెట్టి అడగాల్సి వచ్చింది. బియ్యపు గంజి, కాస్త నూనె. ఆయన తన నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

వెనక ఇంకో పల్చటి కాగితం అస్తరుగా వేసి, పొడి కుంచెతో గాలిబుడగలు తోసేసి, మొత్తాన్ని కరిబరి పలకకు అంచులు మాత్రం అంటేలా బిగించాం. పచ్చి పర్సిమన్ కాయల రసం పూసిన పలక అది, తడికి చెక్కుచెదరదు. కాగితం ఆరుతూ బిగుసుకుని డోలు తోలులా అవుతుంది. రెండు వారాలు ముట్టుకోవద్దన్నారు.

నవంబర్ 29

వెదురు గరిటె అంచులోకి దూర్చి లాగితే, ‘పట్’మని ఒకసారి, తర్వాత అంచు పొడవునా చిన్న చిటచిట. ఊడి వచ్చింది. చదునుగా ఉంది. అతుకులు వేలికి తగులుతాయి, కంటికి తగలవు. మంచు కాగితానికీ తమ్ముడి కాగితానికీ మధ్య మాత్రం కొండ అంచు ఒక మిల్లీమీటరు మెట్టు దిగింది. ఉండనివ్వమన్నారు సెన్సేయి.

డిసెంబర్ 13

ఎడమ కొసకు కర్ర, కుడి కొసకు వెదురు బద్ద, మందపాటి అట్ట. దారం ఇంకా కొనలేదు, ప్రస్తుతానికి పాత చీర అంచు చింపి కట్టాను. కర్ర చివరి గుబ్బలు కూడా లేవు. మొత్తం పొడవు రెండున్నర మీటర్లకు రెండు వేళ్లు తక్కువ.

అమ్మకు వీడియో కాల్. ఫోన్ స్టాండుకు పెట్టి, బల్లమీద చుట్ట విప్పాను. ఎడమచెయ్యి విప్పుతోంది, కుడిచెయ్యి చుడుతోంది.

“జింకలు మంచిగున్నయ్.” తర్వాత గుడి. అమ్మ పెదవులు కదులుతున్నాయి, అక్కలను లెక్కపెడుతోంది. తర్వాత మంచు. నేను ఏమీ చెప్పలేదు, చేతులు మాత్రం మెల్లగా.

“గీడ ఎవ్వల్లేరేందే?”

ఇంకాస్త విప్పాను.

“ఇంకా కొండలేనా? ఎంత దూరముందే తమ్ముని ఇల్లు?”

“ఆగమ్మా, కుడిచేత్తో చుట్టాలి.”

“మెల్లగ తిప్పు,” అంది అమ్మ, “ఉరుక్కుంట పోకు.”